చెయ్యి అచ్చం అలాగే ఉంది, సరే. మరి సాంబారు సంగతేంటి?

వాట్సాప్‌లో నాకు తరచూ ఒకే రకం ఫొటో వస్తుంటుంది. నల్లగుడ్డ మీద పెట్టి, పక్కనుంచి లైటు వేసి తీసిన, చెయ్యి పోయినవాళ్ళు తొడుక్కునే సిలికాన్ చెయ్యి. నరాలు పైకి తేలి ఉంటాయి, గోళ్ళ మొదట్లో తెల్లటి అర్ధచంద్రం, కణుపుల దగ్గర ముడతలు, కొన్నిటికి వెంట్రుకలు కూడా. ఏ దేశంలో చేశారో తెలీదు. కింద మెసేజ్: "అక్కా, అచ్చం ఇట్లాంటిదే కావాల. ఎంతవుతాది?"

చెయ్యొచ్చు. డబ్బూ టైమూ ఉంటే దాదాపు అలాంటిది ఇక్కడా చెయ్యొచ్చు. కానీ ధర చెప్పేముందు నేనడిగే ప్రశ్నలకి కొంతమందికి ఒళ్ళు మండుతుంది. అన్నం ఏ చేత్తో తింటారు? బండి నడుపుతారా? ఎండలో ఎంతసేపు ఉంటారు? ఇంట్లో కింద కూర్చుంటారా, కుర్చీలోనా? పూజ ఎవరు చేస్తారు? "ఏందక్కా, చెయ్యి అడిగితే సంబంధం మాట్లాడుతుండావే" అన్నాడు ఒకాయన.

ఆ ఫొటో, చెయ్యిని అచ్చులోంచి బయటికి తీసిన రోజు తీసింది. అదే చెయ్యి ఏడాది వాడాక ఎలా ఉందో చూడాలని నాకుంటుంది. ఆ ఫొటో మాత్రం ఎవరూ పెట్టరు.

నేను తిరుపతిలో కృత్రిమ కాళ్ళకీ చేతులకీ పైన తొడిగే కవర్లు చేస్తాను. సాకెట్ (మిగిలిన కాలో చెయ్యో దూర్చే గిన్నెలాంటిది), పైపు, మోకాలి జాయింటు, ఇవన్నీ వేరేవాళ్ళు బిగించి పంపిస్తారు, దానికొక ఆకారం, పైన ఒక చర్మం ఇవ్వడం నా వంతు. కాలు చెయ్యి బాగు చేయించుకోడానికి ఈ వైపుకి జనం రావడం కొత్తేం కాదు. టీటీడీ వాళ్ళ బర్డ్ ఆస్పత్రి ఉంది, రాయలసీమ అన్ని మూలల నుంచీ, పక్కన తమిళనాడు నుంచీ వస్తుంటారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉండనే ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు షుగరు ముదిరి పుండు మానక కాలు తీయించుకున్నవాళ్ళు, హైవే మీద దెబ్బ తిన్నవాళ్ళు, చిత్తూరు వైపు నుంచైతే చెరకు గానుగలో వేళ్ళు పోయినవాళ్ళు. మనిషిని లేపి నడిపించడమే పెద్ద పని కాబట్టి, ఆ తర్వాత చర్మం అంటే చాలామందికి అదొక సోకు. ప్యాంటు సరిగ్గా పడటం, చీర కుచ్చిళ్ళు ఇనప పైపుకి తట్టుకోకపోవడం, బస్సులో పక్కసీటు ఆవిడ "అయ్యో పాపం" అని మొదలుపెట్టకపోవడం సోకెలా అవుతుందో నాకైతే తెలీదు.

కాళ్ళకి ఎక్కువగా వాడేది ఫోమ్. పాలియూరిథేన్ దిమ్మ తీసుకుని, లోపల పైపు పట్టేలా తొలిచి, బాగున్న కాలికి పిక్క దగ్గర, చీలమండ దగ్గర, మోకాలి కింద టేపుతో కొలతలు తీసి, కుడిఎడమలు మార్చి గ్రైండర్ మీద అరగదీస్తాం. ఇప్పుడు కొన్నిచోట్ల కాలిని స్కాన్ చేసి కంప్యూటర్లోనే తిప్పేసి మిషన్‌తో చెక్కిస్తున్నారు, దుమ్ము తినే బాధ తప్పుతుంది. పైన చర్మం రంగు స్టాకింగ్. ఆ స్టాకింగ్ బిగువుకి ఫోమ్ నొక్కుకుపోతుంది కాబట్టి కొలత కంటే కాస్త లావుగానే చెక్కాలి. చవక, బరువుండదు, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే కాలే. దగ్గరికొస్తే స్టాకింగే.

చేతులకి పీవీసీ గ్లోవ్‌లు సైజుల్లో, షేడ్లలో రెడీమేడ్‌గా దొరుకుతాయి. కొత్తలో మెత్తగా, ముద్దుగా ఉంటాయి. అసలు పీవీసీ గట్టి ప్లాస్టిక్, మన ఇంట్లో నీళ్ళ పైపులు అదే కదా. దాన్ని మెత్తగా చేయడానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది మెల్లమెల్లగా బయటికి వచ్చేస్తుంటుంది, వచ్చేకొద్దీ గ్లోవ్ బిరుసెక్కి బొటనవేలి మొదట్లో పగులుతుంది. ఇంకో పక్క అదే నూనె గుణం బయటి రంగుల్ని లోపలికి లాక్కుంటుంది: పేపర్ సిరా, బాల్‌పెన్ను గీత, కొత్త జీన్స్ నీలం, ఏదైనా సరే. ఎంత తోమినా పోదు, ఎందుకంటే మరక పైన లేదు.

ఆపైది సిలికాన్. ఎండకి చెడదు, బిరుసెక్కదు, సిరాకి లొంగదు, రంగు లోపలే కలపొచ్చు. ఖరీదు ఎక్కువ, అది అందరికీ తెలుసు. తెలియంది ఏంటంటే అది చిరుగుతుంది. దాని సంగతి తర్వాత.

మన దేశంలో ఈ విషయం బాగా ఆలోచించి చేసిన వస్తువు ఒకటుంది, జైపూర్ కాలు. 1968 ప్రాంతంలో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ కలిసి తయారుచేశారు. సేఠీ సర్జన్, శర్మ చేతిపనివాడు. అప్పటిదాకా ఉన్నవి షూ వేసుకునేవాళ్ళ కోసం చేసిన పాదాలు. షూ తీస్తే చూడలేం, తడిస్తే పాడవుతాయి, గొంతుక్కూర్చోవడం కుదరదు. రబ్బరుని అచ్చులో పెట్టి ఉడికించే పద్ధతిని శర్మ టైర్లు రీట్రేడ్ చేసే షాపులో చూసి పట్టుకున్నాడని చెప్పుకుంటారు. లోపల స్పాంజి రబ్బరు, మైక్రోసెల్యులర్ రబ్బరు, కాస్త చెక్క, పైన చర్మం రంగు రబ్బరు పొర, అన్నీ కలిపి వల్కనైజ్ చేస్తే, అంటే అచ్చులో అలా ఉడికిస్తే, ఒకటే ముద్ద. చర్మం పైన తొడిగింది కాదు, పాదంలోనే ఉంది, ఊడిరావడానికి లేదు. అందుకే చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడవొచ్చు, మడిలోకి దిగొచ్చు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. అదే ఏడాది ప్రమాదంలో కాలు పోయిన సుధాచంద్రన్ తర్వాత జైపూర్ కాలుతోనే స్టేజి ఎక్కి నాట్యం చేసింది, 'మయూరి' సినిమా చూసిన మన తెలుగువాళ్ళకి ఆ కథ వేరే చెప్పక్కర్లేదు.

అందంగా ఉంటుందా అంటే, పెద్దగా ఉండదు. ఒకటే రంగు, వేళ్ళ గుర్తులు ఉంటాయంతే. కానీ ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు అని ముందు అడిగి, ఆ తర్వాత చేసిన చర్మం అది. నేను చెప్పొచ్చేదీ అదే, ముందు రోజు ఎలా గడుస్తుందో చూసుకుని ఆ తర్వాత రంగు దగ్గరికి రండి అని. అలిపిరి నుంచి కొండకి 3,550 మెట్లు, జనం ఎక్కేది ఒట్టి కాళ్ళతో. మొక్కు ఉందని, మెత్తటి సిలికాన్ పాదం కవరుతో ఎక్కుతాననేవాళ్ళు వస్తారు. ఆ రాతిమెట్లకి మోకాళ్ళ పర్వతం చేరేలోపు అరికాలు అరుగుతుంది తల్లీ, కొండకి రబ్బరు పాదం, పెళ్ళికి సిలికాన్ పాదం పెట్టుకో అని చెప్తాను.

రంగు దగ్గరికి వద్దాం, నాకు బాగా ఇష్టమైన పని.

చీకట్లో ఫోన్ టార్చి వేలి కింద పెట్టి చూడండి, వేలు ఎర్రగా వెలుగుతుంది. అంటే వెలుతురు చర్మం మీద పడి అక్కడే ఆగట్లేదు, లోపలికి పోయి, రక్తం తిరిగే పొర దాకా వెళ్ళి, చెదిరి బయటికి వస్తోంది. పై పొరలో మెలనిన్ గోధుమరంగు, కింద రక్తం ఎరుపు, సిరలున్న చోట నీలం ఛాయ, ఇవన్నీ కలిసి మన కంటికి చర్మం రంగు. కాబట్టి పైపైన ఒక్క రంగు పూస్తే, ఎంత కచ్చితంగా కలిపినా అది బొమ్మ చెయ్యే. అచ్చులో పొరలు పొరలుగా పోసుకుంటూ రావాలి. ముందు దాదాపు నీళ్ళలా ఉండే పల్చటి పొర, దాని వెనక మచ్చలూ కణుపుల నలుపూ, దాని వెనక ఎరుపూ నీలం నైలాన్ పీచు, పొడిపొడిగా కత్తిరించినది, చిటికెతో చల్లాలి, ఇంకా వెనక ముదురు బేస్. బయటిది ముందు, లోపలిది తర్వాత, అంతా తిరగేసి పని. ఎలా వచ్చిందో అచ్చు తెరిస్తే గానీ తెలీదు, ఇప్పటికీ తెరిచేటప్పుడు నాకు టెన్షనే.

రంగు కలపడం మాత్రం ట్యూబ్‌లైటు కింద చెయ్యను. ట్యూబ్‌లైటు కింద అచ్చుగుద్దినట్టు సరిపోయిన రంగు వాకిట్లోకి తెచ్చేసరికి ఆకుపచ్చగా కొడుతుంది. ఎందుకంటే మనిషి చర్మంలో ఉన్న పదార్థం వేరు, నా సీసాల్లో ఉన్న ఐరన్ ఆక్సైడ్ రంగు వేరు, రెండూ వెలుతురుని మింగే తీరు వేరు. ఒక వెలుతురులో ఒకటిగా కనిపించినవి ఇంకో వెలుతురులో విడిపోతాయి. పొద్దున కిటికీ దగ్గర కలిపి, బయట ఎండలో చూసి, మళ్ళీ లోపల లైటు కింద చూసి, మూడుచోట్లా కాస్త కాస్త తేడా మిగిలేలా సర్దుతాను. ఒకచోట పూర్తిగా కుదిరి ఇంకోచోట పూర్తిగా బెడిసికొట్టడం కంటే అది నయం. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ప్యారిస్‌లో ఆనా కోల్‌మన్ లాడ్ అనే అమెరికన్ శిల్పి, ముఖం ఛిద్రమైన సైనికులకి పల్చటి రాగి మాస్కులు చేసిచ్చేది. మాస్కు పెట్టుకుని మనిషి ఎదురుగా కూర్చుంటే, పక్కన కనిపించే అసలు చర్మం చూస్తూ రంగు వేసేది, మబ్బు రోజుకీ ఎండ రోజుకీ మధ్యస్తంగా ఉండే రంగు పట్టుకునేది. సిలికాన్ వచ్చింది, కంప్యూటర్లు వచ్చాయి, ఈ తిప్పలు మాత్రం పోలేదు.

మన చామనచాయకి ఇంకో చిక్కు. బయటి నుంచి వచ్చే షేడ్ కార్డుల్లో తెల్లవాళ్ళ షేడ్లే ఎక్కువ. ముదురు కావాలంటే నలుపు కలుపుకోమంటారు. నలుపు కలిపితే చామనచాయ రాదు, బూడిదరంగు వస్తుంది, ప్రాణం లేని రంగు. ఎరుపు, పసుపు ఆక్సైడ్లు పెంచుకుంటూ పోయి చివర్లో సూదిమొన అంత నీలం వెయ్యాలి, అప్పుడు ముదురూ వస్తుంది, లోపల రక్తం ఉన్నట్టూ ఉంటుంది. అరచెయ్యి మళ్ళీ వేరే కథ. అక్కడ మెలనిన్ తక్కువ, గులాబీరంగు మీద గీతల్లో గోధుమరంగు. కణుపుల మీద మిగతా చోటికన్నా నలుపు. ఇవి వదిలేసి చెమట రంధ్రాలు ఎంత చెక్కినా దండగ. అంతకన్నా ముఖ్యం వేళ్ళు ఏ భంగిమలో ఉన్నాయన్నది. వేళ్ళు చాపి పెట్టిన చెయ్యి ఎంత బాగా చేసినా పది అడుగుల నుంచే దొరికిపోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు మీ చెయ్యి చూసుకోండి, చిటికెనవేలు ఎక్కువ వంగి, చూపుడువేలు తక్కువ వంగి, ఒక వరసలో ఉంటాయి. ఆ వంపు కుదిరితే రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ రెండోసారి చూడరు.

ఇక బేరం. "ఒక్క షేడు తెల్లగా వెయ్యకూడదా అక్కా." పక్కనున్న అసలు చెయ్యి ఒప్పుకోదు నాయనా అంటాను. ఒక పెళ్ళికూతురి వాళ్ళమ్మ మాత్రం గట్టిగా వాదించింది, ముహూర్తం రోజు మేకప్ ఆవిడ ఎలాగూ రెండో చేతికి పూస్తుంది కదా, దానికి సరిపడా చెయ్యి అని. అందులో న్యాయం ఉంది, చేసిచ్చాను. బండి మీద తిరిగేవాళ్ళకి ఇంకో గొడవ, ఏప్రిల్ మే ఎండలకి అసలు చెయ్యి కమిలి నల్లబడుతుంది, సిలికాన్ నల్లబడదు. వానలు పడేదాకా ఫుల్ హ్యాండ్స్ వేసుకోమనడం తప్ప నా దగ్గర మందు లేదు.

సిలికాన్‌కి మరకలు పట్టవని కేటలాగుల్లో రాస్తారు. అది రాసినవాళ్ళు తాలింపులో పసుపు వెయ్యరు. మీ వంటింట్లో సిలికాన్ గరిటె ఉంటే మీకే తెలుస్తుంది. పసుపులోని రంగు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, ఆ నూనెతో పాటే సిలికాన్‌లోకి దిగుతుంది. పీవీసీ అయితే ఇంక చెప్పక్కర్లేదు. మదనపల్లె నుంచి వచ్చే ఒక టమాటా వ్యాపారి, ఎడమచెయ్యి కాబట్టి తిండితో దానికి పని లేదన్నాడు. ఆయన ప్లేటు పట్టుకునేది దాంతోనే. కొన్నాళ్ళకి వచ్చి చూపిస్తే చెయ్యంతా శుభ్రంగా ఉంది, బొటనవేలు ఒక్కటీ పచ్చగా, ప్లేటు అంచు పడే చోట గీత కూడా కనిపిస్తోంది. "దీన్ని చూసినోళ్ళంతా కామెర్లా అంటుండారక్కా."

మా పిన్ని వాళ్ళది శ్రీకాళహస్తి, కలంకారీ పని. ఆవిడకి చెప్తే నవ్వి, "పసుపు ఎండకి నిలవదే, మేమెప్పుడూ దాన్ని నమ్మం" అంది. నిజమే, పసుపులో ఉండే కర్క్యుమిన్ ఎండ తగిలితే విరిగిపోతుంది. సిలికాన్ చెయ్యిని సబ్బుతో కడిగి పొద్దుటి ఎండలో ఆరేస్తే ఆ పచ్చదనం చాలావరకు దిగిపోతుంది. మేడ మీద దండేనికి చెయ్యి వేలాడదీస్తే పక్కింటి పిల్లలు జడుసుకుంటారు, అది వేరే విషయం. పీవీసీని మాత్రం ఎండలో వదలకండి, వేడికి ప్లాస్టిసైజర్ ఇంకా తొందరగా పోతుంది. కుంకుమ మరక ఇంత తేలిగ్గా పోదు, బొట్టు రెండో చేత్తో పెట్టుకోండి.

ఇప్పుడు చిరుగుడు. బట్టల షాపులో గుడ్డ అంచుకి కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే పర్రుమని చివరిదాకా పోతుంది కదా, సిలికాన్ అంతే. గాటు లేనంతవరకు ఎంత లాగినా సాగుతుంది. ఎక్కడో తాళంచెవి గుచ్చుకుంటుంది, గోరు గీరుకుంటుంది, ఇక అక్కడినుంచి మొదలు. మెత్తదనాన్ని షోర్ ఎ అనే స్కేలు మీద కొలుస్తారు. అందులో 10 దగ్గర ఉన్న సిలికాన్ పట్టుకుంటే అచ్చం చర్మం, కానీ తొందరగా చిరుగుతుంది. 30 దగ్గరిది నిలుస్తుంది, పట్టుకుంటే కాస్త రబ్బరని తెలుస్తుంది. షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడి కోసం పది, రోజూ తొడుక్కునేవాడి కోసం ముప్పై అని నేనంటాను. నేను చేసేది రెండూ కలిపి, బయట మెత్తది పల్చగా, లోపల గట్టిది, చిరగడానికి అవకాశం ఉన్నచోట మధ్యలో సన్నటి నైలాన్ వల. వల అంతటా వేస్తే వేళ్ళు వంగవు, కాబట్టి ఎక్కడ వెయ్యాలో తెలియడమే పనితనం.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు తీసుకోండి. లోపల తెరుచుకునే మెకానికల్ చెయ్యి ఉంటే, తెరిచినప్పుడల్లా అక్కడి చర్మం సాగాలి. గ్లోవ్ బిరుసుగా ఉంటే భుజంతో తాడు లాగి ఆ చెయ్యి తెరిచే మనిషి బలమంతా గ్లోవ్‌ని సాగదీయడానికే పోతుంది, బ్యాటరీ చెయ్యి అయితే చార్జింగ్ తినేస్తుంది. అందుకే, అచ్చు కోసం ముందు మైనంలో చెయ్యి చెక్కేటప్పుడే ఆ సందుని చదునుగా ఉంచను, కాస్త ఎక్కువ చర్మం పెట్టి రెండు మడతలు వచ్చేలా చెక్కుతాను. చెయ్యి తెరిస్తే మడత విప్పుకుంటుంది, సాగాల్సిన పని తగ్గుతుంది. కొత్త ఉపాయమేం కాదు, మీ బొటనవేలు దగ్గరికి పెట్టి, మళ్ళీ చాచి చూసుకోండి, దేవుడు చేసింది అదే. దీన్ని సరిగ్గా చేస్తే గ్లోవ్ ఆయుష్షు పెరుగుతుంది, ఫొటోలో మాత్రం ఎవరికీ కనపడదు.

చిరిగాక చాలామంది ఫెవిక్విక్ వేసుకుని తెస్తారు. సిలికాన్‌కి సిలికానే అంటుతుంది, ఇంకేదీ అంటదు. ఆ గట్టిపడిన జిగురు గీకి తీసేసరికే నాకు సగం పూట పోతుంది. చిరిగితే అలాగే పట్టుకుని వచ్చేయండి. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు చదువుతుంటే వాళ్ళకొక మాట: ప్లాటినమ్ పద్ధతిలో గట్టిపడే సిలికాన్‌కి గంధకం పడదు. లేటెక్స్ గ్లౌజులు వేసుకుని కలిపితే, గంధకం ఉన్న బంకమట్టితో బొమ్మ చేసి దాని మీద పోస్తే, తగిలినచోట జిగటగా ఉండిపోతుంది, ఎన్నాళ్ళు ఆగినా గట్టిపడదు. వినైల్ గ్లౌజులు వాడుకోండి.

గానుగలో వేళ్ళు పోయినవాళ్ళకి చేసే వేలు చిన్నదే కానీ పని ఎక్కువ. మిగిలిన ముక్క కన్నా లోపలి బొర్ర కాస్త చిన్నగా చేస్తే గాలి బయటికి పోయి పట్టుకుంటుంది, జిగురు అక్కర్లేదు. అంచు చర్మంలో కలిసిపోవాలి కాబట్టి చాలా పల్చగా ఉంటుంది, సరిగ్గా ఆ అంచు పట్టుకునే అందరూ లాగుతారు. మధ్యలో పట్టుకుని మెల్లగా తిప్పుతూ తీయండి, తొడిగేటప్పుడు సబ్బునీళ్ళు ఒక చుక్క వేసుకోండి. అంచు మీద ఉంగరం పెడితే గీత మాయం. మణికట్టు దగ్గర మగవాళ్ళకి వాచీ, ఆడవాళ్ళకి గాజులు అదే పని చేస్తాయి. గోళ్ళు యాక్రిలిక్‌తో పెడితే నెయిల్ పాలిష్ వేసుకోవచ్చు, తీసేటప్పుడు అసిటోన్ లేని రిమూవర్ చూసుకోండి, లేకపోతే గోరే కరిగి మసకబారుతుంది.

మోకాలి పైనుంచి పోయిన కాళ్ళకి పై నుంచి కింద దాకా ఒకే ఫోమ్ వేస్తే నిలబడినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. కూర్చుంటే ముందువైపు సాగుతుంది, వెనకవైపు నలుగుతుంది, సాగిన ఫోమ్ కాలిని మళ్ళీ చాపడానికి లాగుతూనే ఉంటుంది. కుర్చీలో సర్దుకోవచ్చు. చాప మీద కూర్చుని తినే ఇంట్లో కాలు మడతపడదు. ముందు మోకాలి మీద స్టాకింగ్ చిరుగుతుంది, దాని వెనకాలే ఫోమ్. నేనైతే మోకాలి దగ్గర కోసి రెండు ముక్కలు చేసి, వెనక బాగా తొలిచేస్తాను. ప్యాంటో పంచో కట్టేవాడికి ఆ సందు ఎవరు చూస్తారు? ఇంకోటి, కుడికాలు అయితే బండి సైలెన్సర్ గుర్తుపెట్టుకోండి. అసలు కాలు చురుక్కుమనగానే తీసేస్తాం, ఫోమ్ కాలుకి ఆ సంగతి తెలీదు, ప్యాంటు మాడిన వాసన వచ్చాకే తెలుస్తుంది.

ఆడవాళ్ళు అడిగేది, కేటలాగుల్లో నేను చూడనిది, మెట్టెలు. రెడీమేడ్ పాదాల్లో చాలావాటికి వేళ్ళు అతుక్కునే ఉంటాయి, హవాయి చెప్పుకి కావల్సిన బొటనవేలి సందు కూడా కొన్నిటికే ఉంటుంది. రెండో వేలిని విడిగా చెక్కాలి. పైగా వెండి అంచు నడిచినప్పుడల్లా వేలి మొదలుని కోస్తుంది. అందుకని అక్కడ చుట్టూ సన్నటి గాడి పెట్టి, లోపల వల వేసి, అంచులు నున్నగా ఉన్న మెట్టె తెచ్చుకోమంటాను. చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది. ఒక కాలికే పెట్టుకోవడం ఇష్టం లేక కాలు పోయినప్పుడే రెండో కాలి మెట్టె కూడా తీసేసిందట. "ఆయనుండంగానే తీసేస్తిని అమ్మీ" అంది. కొత్త పాదం రంగు కుదిరిందో లేదో ఆమె చూడను కూడా లేదు. మెట్టె పెట్టి, వేలితో తిప్పి చూసి, వదులుగా ఉంది, కాస్త బిగించమంది. కాళ్ళకి పసుపు రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళు పాదం పచ్చబడిందని కంప్లయింట్ చెయ్యకండి, అది పచ్చగా ఉండాల్సిన చోటే.

ఈమధ్య కొందరు కుర్రాళ్ళు కవరే వద్దంటున్నారు. పైపు కనిపిస్తే కనిపించనీ అని, సాకెట్ లామినేషన్లో, అంటే పొరలు అతికించేటప్పుడు, క్రికెట్ జెర్సీ గుడ్డో హీరో బొమ్మ టీషర్టో పెట్టి చేయించుకుంటున్నారు. నా వ్యాపారానికి నష్టమే అయినా నాకు భలే నచ్చింది. కాలు బరువు తగ్గుతుంది, స్క్రూ వదులైతే కవరు విప్పే పని లేదు. ఇంకో వైపు ల్యాబుల్లో, తాకితే తెలిసే చర్మాలు చేస్తున్నారు. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు గుడ్డ, రబ్బరు, సెన్సర్లతో చేసిన ఒక పొర కృత్రిమ చేతి వేళ్ళకి తొడిగి, గుండ్రటిదేదో గుచ్చుకునేదేదో వాడేవాళ్ళకి తెలిసేలా చేశారు. గొప్ప పనే. అది మా ఊళ్ళో ఒక పెళ్ళి భోజనం తట్టుకున్నాక నాకు చెప్పండి.

ధర అడిగారు కదా. రెడీమేడ్ పీవీసీ గ్లోవ్ వేలల్లో అయిపోతుంది. కొలతలు తీసి పొరలు పోసి చేసే సిలికాన్ చెయ్యి పదుల వేలకి పోతుంది, ఫొటోలో లాంటిది కావాలంటే ఇంకా పైకి. డబ్బు అంతంతమాత్రం అయితే వెంట్రుకలు మానేయండి, ఒక్కోటీ సూదితో గుచ్చాలి, ఎక్కువ ఖర్చు అక్కడే. ఆ డబ్బుతో రెండో గ్లోవ్ చేయించుకోండి, అచ్చు నా దగ్గరే ఉంటుంది కాబట్టి మొదటిదాని కన్నా తక్కువలో అవుతుంది. ఒకటి పనికి, ఒకటి ఫంక్షన్లకి. రోజూ రాత్రి తీసి సబ్బుతో కడిగి ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడర్ రాస్తే దుమ్ము అంటుకోదు.

కొలతలకి వచ్చేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులు, వాచీ, ఉంగరం, గాజులు, మెట్టెలు, ఏవుంటే అవి తెచ్చుకోండి. గోరింటాకు పెట్టుకుని రావద్దు, అది వెలిసేదాకా రంగు పట్టడం కుదరదు. పొద్దున్నే రండి, మధ్యాహ్నం దాటితే మా కిటికీలోకి ఎదురింటి పచ్చగోడ రంగు పడుతుంది.